స్విచ్‌బోర్డు వెనక స్క్రూ, గ్యాస్ బండ వెనక ట్యూబు, గేటుకు వేసిన తాళం

ఇల్లు తగలబడితే మర్నాడు పేపర్లో "షార్ట్ సర్క్యూట్ వల్ల" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. అది చదివితే ఏదో పిడుగు పడ్డట్టు, మన చేతుల్లో ఏమీ లేనట్టు అనిపిస్తుంది. కానీ చాలా ఇళ్ళలో ఆ మంట వారాల ముందు నుంచే కబురు పెడుతూ ఉంటుంది. పీకిన ప్లగ్గు చేతికి వేడిగా తగులుతుంది. గీజర్ వేసినప్పుడల్లా హాల్లో లైటు ఒక్క క్షణం మిణుకుమంటుంది. సాకెట్ చుట్టూ తెల్ల ప్లాస్టిక్ టీ మరక పడ్డట్టు పసుపుపచ్చగా మారుతుంది. చేపలు ఎక్కడా వండలేదు, బోర్డు దగ్గర మాత్రం చేపల నీచులాంటి వాసన. "తర్వాత చూద్దాంలే" అనుకునే ఈ చిన్న చిన్న సంగతులే ముఖ్యం. అందుకే వాటితోనే మొదలుపెడుతున్నాను.

గీజర్ సాకెట్ వెనక తీగను పట్టి ఉంచేది పెసరగింజంత మొన ఉన్న ఇత్తడి స్క్రూ. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. స్క్రూ బిగుతుగా ఉన్నంతకాలం ఆ జాయింటు దగ్గర నిరోధం లెక్కలోకి రానంత తక్కువ. అది వదులై అర ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. వేడి ఎంతో తెలియాలంటే కరెంటును కరెంటుతోనే గుణించి, దాన్ని నిరోధంతో గుణించాలి. తొమ్మిది తొమ్మిదుల ఎనభై ఒకటి, అందులో సగం దాదాపు 40 వాట్లు. అంటే పాత నలభై క్యాండిల్ బల్బు ఇచ్చే వేడంతా, గాలి ఆడని పెట్టెలో, ఆ స్క్రూ మొన దగ్గర పుడుతుంది. రోజూ పొద్దున్న గీజర్ వేయగానే ఆ లోహం వేడికి వ్యాకోచిస్తుంది, కట్టేయగానే కుంచించుకుపోతుంది. ఆ కదలికకే స్క్రూ ఇంకాస్త వదులవుతుంది, రాగి మీద నల్లటి పొర కడుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. ఇంట్లో వాడే మామూలు పీవీసీ తీగ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకునేలా చేస్తారు. అది ముందు గట్టిపడి, పగిలి, మాడుతుంది. ఆ తర్వాతే పేపర్లో రాసే షార్ట్ సర్క్యూట్.

ఇందులో అసలు ప్రమాదం ఏమిటంటే, కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్, ఎమ్‌సీబీ, దీన్ని పట్టుకోలేదు. దానికి కనిపించేది 9 ఆంపియర్లే, అంతా సవ్యంగానే ఉందనుకుంటుంది. కరెంటు ఎటూ లీకవడం లేదు కాబట్టి, లీకును పట్టే స్విచ్ ఆర్‌సీసీబీ కూడా పడదు. ఈ ఒక్క లోపానికి కాపలా మీ ముక్కు, మీ కన్ను, మీ అరచేయి. గీజర్, ఏసీ, మోటారు, ఓవెన్ — వీటిని అరగంట వాడాక కట్టేసి ప్లగ్గు పీకి, పిన్నుల్ని తాకకుండా ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్‌ని ఇక వాడకండి.

ఎలక్ట్రీషియన్ వచ్చి స్క్రూ బిగించి వెళ్ళిపోతానంటే ఒప్పుకోకండి. ఒకసారి మాడిన సాకెట్‌లో పిన్నుని పట్టుకునే లోపలి రేకులు వేడికి బిగువు కోల్పోతాయి. స్క్రూ ఎంత బిగించినా అవి మళ్ళీ వదులే. సాకెట్ మార్చాలి, ప్లగ్గు కూడా మార్చాలి, నల్లబడిన తీగను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి కొత్తగా బిగించాలి. ఏడాదికోసారి, ఎండాకాలం ఏసీలు మొదలవకముందు, మెయిన్ కట్టేసి బోర్డులన్నీ విప్పి స్క్రూలు బిగించమనండి. మెయిన్ బోర్డులో, కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగలన్నీ కలిసే ఇత్తడి పట్టీని మర్చిపోనివ్వకండి. మీటర్ నుంచి వచ్చే సర్వీసు తీగ అల్యూమినియం అయితే అక్కడ మరింత జాగ్రత్త. అల్యూమినియం స్క్రూ కింద నలిగి తొందరగా వదులవుతుంది. దాన్ని రాగితో నేరుగా మెలిపెట్టి టేపు చుడితే అదొక కుంపటి.

న్యూట్రల్ గురించి ఇంకో మాట. కొన్ని గదుల్లో బల్బులు ఒక్కసారిగా కళ్ళు చెదిరేలా వెలిగి, మరికొన్ని గదుల్లో మసకబారితే లో-వోల్టేజీ అనుకుని ఊరుకోకండి. త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న ఇంట్లో, అపార్ట్‌మెంట్‌లో న్యూట్రల్ ఊడినప్పుడు కనిపించే లక్షణం ఇదే. 230 రావలసిన చోట 400 దాకా రావచ్చు. టీవీ, ఫ్రిజ్, ఫోన్ చార్జర్ ఏదైనా కాలిపోవచ్చు. ఆలోచించకుండా వెళ్ళి మెయిన్ కట్టేయండి, తర్వాత లైన్‌మన్‌ను పిలవండి.

"ఎమ్‌సీబీ మాటిమాటికీ పడిపోతోంది, పెద్దది వేయండి" — ఎలక్ట్రీషియన్లు రోజూ వినే మాట ఇది. ఇంతకన్నా ప్రమాదకరమైన మరమ్మతు ఇంట్లో ఇంకోటి లేదు. ఎమ్‌సీబీ కాపాడేది ఏసీని కాదు, గోడలో ఉన్న తీగని. 1.5 స్క్వేర్ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల మందం) తీగ గోడ పైపులో ఉంటే పదమూడు, పదిహేను ఆంపియర్లకు మించి మోయలేదు. దాని మీద 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ పెట్టారనుకుందాం. ఎమ్‌సీబీ తన మీద రాసిన అంకె దాటగానే పడదు. దానికి 1.45 రెట్లు, అంటే ఇక్కడ 46 ఆంపియర్లు పారితే, అదీ గంటలోపు పడితే చాలని ప్రమాణం. మోయగలిగినదానికి మూడు రెట్ల కరెంటు, వేడి తొమ్మిది రెట్లు, గంటసేపు! తీగ గోడలోనే కాలిపోతుంది. లైట్లకు, ఫ్యాన్లకు 1.5 తీగ, 6 లేదా 10 ఆంపియర్ల ఎమ్‌సీబీ. పవర్ ప్లగ్గుకు 2.5 తీగ, 16 ఆంపియర్లు. గీజర్‌కీ టన్నున్నర ఏసీకీ వేటికవి 4 స్క్వేర్ ఎంఎం తీగతో విడి లైను, 20 ఆంపియర్లు. ఎమ్‌సీబీ పడుతోందంటే మార్చవలసింది తీగ, లేదా తగ్గించవలసింది లోడు.

ఆర్‌సీసీబీ లేని ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. కరెంటు ఎంత పోయిందో అంతా తిరిగి వచ్చిందా లేదా అని అది లెక్క చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో కట్టేస్తుంది. ఎలుక కొరికిన తీగ నుంచి తడి గోడలోకి లీకయ్యే కరెంటునీ, పగిలిన గీజర్ కాయిల్‌నీ పట్టేది ఇదే. షాక్‌తో పోయే ప్రాణాన్నీ ఇదే నిలబెడుతుంది. దాని మీద టీ అనే అక్షరంతో చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి, టక్కున పడాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. వానాకాలంలో ఊరికే పడుతోందని దాన్ని తప్పించి నేరుగా కలిపించుకునేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది పడుతోందంటే ఎక్కడో తడి తగిలిందని చెబుతోంది.

మిగతావి క్లుప్తంగా. పవర్ ప్లగ్గును కన్వర్టర్‌తో చిన్న సాకెట్‌లో పెట్టకండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఫోన్లకు, ల్యాప్‌టాప్‌కు, టీవీకి మాత్రమే. ఇస్త్రీ పెట్టె, హీటర్, ఇండక్షన్ స్టవ్ దానికి తగిలించకూడదు, దాని తీగ చుట్టి ఉంచి వాడకూడదు. బకెట్‌లో పెట్టే హీటర్ కడ్డీ నీళ్ళు తగ్గి గాలిలో తేలినా, నీళ్ళలోంచి తీశాక స్విచ్ వేసి ఉన్నా ఎర్రగా కాలి ప్లాస్టిక్ బకెట్‌ని అంటిస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇస్త్రీ మధ్యలో వదిలేసి బజారుకు వెళ్ళడం, ఈలోగా కరెంటు రావడం — మన ఊళ్ళలో ఇది మామూలే. కరెంటు పోగానే స్విచ్ కట్టేసి ప్లగ్గు పీకే అలవాటు ఇంట్లో అందరికీ రావాలి. ఇన్వర్టర్ బ్యాటరీ చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. దాన్ని మెట్ల కింద మూసిన అరలో పెట్టకండి, దేవుడి గది పక్కన అసలే వద్దు. గాలి ఆడే చోట ఉంచి, డిస్టిల్డ్ వాటర్ మట్టం చూస్తూ, టెర్మినళ్ళు బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక వంటిల్లు.

గ్యాస్ బండలో ఉండేది 14.2 కిలోల ద్రవం. అది బయటికి వస్తే దాదాపు 250 రెట్లు పెరిగి వాయువు అవుతుంది. గాలికన్నా బరువు కాబట్టి పైకి పోదు, నీళ్ళలా నేల మీద పరుచుకుని మంచం కిందికి, కాలువ కంతలోకి, మెట్ల మీంచి కిందికి దిగుతుంది. గాలిలో దాని పాలు సుమారు 2 నుంచి 9 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే చాలు. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తున్న వంటింటిని లెక్కేస్తే, దాదాపు ఒక్క కిలో గ్యాస్ సమంగా కలిస్తే గది మొత్తం ఆ హద్దుకు చేరుతుంది. నేల మీదే పేరుకునే గుణం ఉంది కాబట్టి కాళ్ళ దగ్గర ఆ స్థితి రావడానికి కిలో కూడా అక్కర్లేదు. రాత్రి పాలు పొంగి మంట ఆరిపోయి నాబ్ తెరిచే ఉండటం, పిల్లలు నాబ్ తిప్పడం, ట్యూబుకు సూదిమొనంత చిల్లు పడటం, వీటిలో ఏదైనా రాత్రంతా సాగితే పొద్దున్న లైటు స్విచ్ వేసే చేయి దాన్ని అంటిస్తుంది. అందుకే రాత్రి వంట ముగియగానే స్టవ్ నాబ్‌తో సరిపెట్టకుండా బండ దగ్గర రెగ్యులేటర్ కూడా కట్టేయాలి. వంగలేని పెద్దవాళ్ళు వంట చేసే ఇంట్లో ఆ పని ఇంకొకరు తీసుకోవాలి.

ట్యూబు విషయంలో బేరం వద్దు. లోపల సన్నటి ఉక్కు తీగల అల్లిక ఉన్న నారింజరంగు సురక్షా ట్యూబు, ఐఎస్‌ఐ గుర్తుతో, మీ గ్యాస్ ఏజెన్సీ దగ్గరే తీసుకోండి. పొడవు మీటరున్నర మించకూడదు. ఐదేళ్ళకు మార్చాలి. ఎప్పటిదో తెలుసుకోవడానికి ట్యూబు మీదే అచ్చువేసిన సంవత్సరం చూడండి. నూనె జిడ్డు అంటకుండా దానికి గుడ్డ కుట్టి తొడుగుతారు కొందరు, ప్లాస్టిక్ కవర్ చుడతారు. పగుళ్ళు ఆ తొడుగు కిందే దాక్కుంటాయి, ఎలుక కొరికినా కనబడదు. ట్యూబు బోసిగా, కంటికి కనబడేలా ఉండాలి. స్టవ్ కిందుగా బర్నర్ వేడి తగిలే చోట ఆనకూడదు, గోడ కంతలోంచి దూరకూడదు. స్టవ్ వైపు చివరను ఏడాదికోసారి వంచి చూడండి. జుట్టంత పగులు కనబడినా ఐదేళ్ళు నిండేదాకా ఆగకుండా మార్చేయండి.

లీకు చూడటానికి అగ్గిపుల్ల గీసే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. గిన్నెలో సబ్బునీళ్ళు నురగ వచ్చేలా కలపండి, చిన్న బ్రష్షు తీసుకోండి. స్టవ్ నాబ్‌లు కట్టేసి రెగ్యులేటర్ తెరవండి. రెగ్యులేటర్ బండ మీద కూర్చున్న చోట, ట్యూబు రెండు చివర్ల దగ్గర, ట్యూబు పొడవునా పూయండి. బుడగ పెరుగుతుంటే అక్కడ లీకు. బండ మార్చిన ప్రతిసారీ రెండు నిమిషాల పని ఇది.

కొత్త బండ తెచ్చినతను వెళ్ళకముందే మూడు సంగతులు చూడండి. మొదటిది, బండ మెడ చుట్టూ ఉన్న నిలువు పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఒక అక్షరం, ఒక అంకె రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి–మార్చి, బీ అంటే ఏప్రిల్–జూన్, సీ జులై–సెప్టెంబర్, డీ అక్టోబర్–డిసెంబర్. పక్కన సంవత్సరం. బీ-27 అంటే 2027 జూన్‌లోగా ఆ బండను మళ్ళీ పరీక్షించాలి. గడువు దాటినది తీసుకోకండి. రెండోది, మూత తీసి వాల్వు లోపల నల్లటి రబ్బరు వాషర్ ఉందో లేదో చూడండి. అది లేకపోయినా, తెగినా, రెగ్యులేటర్ పెట్టగానే బుస్సుమంటుంది. మూడోది, వాల్వులో రెండు చుక్కలు సబ్బునీళ్ళు వేయండి. బుడగ వస్తే వాల్వే లీకు, ఆ బండ వెనక్కి పంపండి. దారంతో కట్టి ఉన్న ప్లాస్టిక్ మూతను పారేయకండి. లీకయ్యే వాల్వును ఆపేది అదొక్కటే.

గ్యాస్ అయిపోవచ్చినప్పుడు బండను పడుకోబెట్టి, ఊపి, వేడినీళ్ళలో నిలబెట్టి ఇంకో పూట వంట లాగేవాళ్ళు చాలామంది. అడ్డంగా పడుకోబెడితే వాయువు బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది, స్టవ్ మీద మంట బారెడెత్తు లేస్తుంది. బండ ఎప్పుడూ నిలువుగా, నేల మీద, స్టవ్‌కన్నా కిందుగా ఉండాలి. గట్టు కింద అరలో పెడితే ఆ అర తలుపుకు అడుగున కంతలుండాలి. నేలను అంటుకున్న గ్యాస్ పోవడానికి పై కంత పనికిరాదు.

వాసన వచ్చిందా? దేవుడి దీపంతో సహా ఉన్న మంటలన్నీ ఆర్పండి. రెగ్యులేటర్ కట్టేయండి, అయినా బుస్సుమంటుంటే దాన్ని ఊడదీసి మూత పెట్టండి. తలుపులు, కిటికీలు బార్లా తీయండి. ఏ స్విచ్చూ వేయకండి, వేసి ఉన్నది కట్టకండి. కట్టేటప్పుడూ స్విచ్ లోపల రవ్వ పుడుతుంది. వాసన పోతుందని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం దాదాపు అగ్గిపుల్ల గీయడంతో సమానం. ఫ్రిజ్ తనంతట తానే ఆగి మొదలవుతూ ఉంటుంది, దాన్ని మీరు ఆపలేరు. అందుకే తలుపులు తీశాక అక్కడ నిలబడకుండా అందరూ బయటికి రావాలి. మెయిన్ ఇంటి బయట ఉంటేనే కట్టండి. ఫోన్ బయటికి వచ్చాకే తీయండి, గ్యాస్ లీకుకు 1906. బయట ఒకరు నిలబడి, వచ్చేవాళ్ళెవరూ కాలింగ్ బెల్ నొక్కకుండా చూడాలి. ఆ బెల్లు మోగేది మీ ఇంట్లోనే.

నూనె మంట సంగతి వేరు. బాణలిలో నూనె ముందు పల్చటి పొగ, తర్వాత దట్టమైన పొగ వదులుతుంది. దట్టమైన పొగ దశలో స్టవ్ కట్టేస్తే అక్కడితో పోతుంది. అంటుకుంటే స్టవ్ కట్టేసి, పెద్ద మూతో, పళ్ళెమో మీవైపు నుంచి అవతలికి జరుపుతూ కప్పండి. పైనుంచి ధడేలున పడేయకండి, చిందుతుంది. పది పదిహేను నిమిషాలు మూత తీయకండి. గాలి తగిలితే వేడి నూనె మళ్ళీ అంటుకుంటుంది. నీళ్ళు మాత్రం చెంబెడు కూడా పోయకూడదు. నీళ్ళు నూనెకన్నా బరువు, అడుక్కి వెళ్తాయి. అక్కడ ఒక్క క్షణంలో ఆవిరై 1700 రెట్లు ఉబ్బి, మండుతున్న నూనెనంతా పైకప్పుదాకా ఎగజిమ్ముతాయి. బాణలిని పట్టుకుని పెరట్లోకి పరిగెత్తడం రెండో తప్పు. గాలికి మంట మోసేవాళ్ళ వైపే తిరుగుతుంది.

వంట చేసేటప్పుడు నైలాన్, పాలిస్టర్ చీర, నైటీ, చున్నీ వేసుకోకండి. నూలు కాలుతుంది, నైలాన్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. కొంగు నడుముకు దోపండి. వెనక బర్నర్ మీదుగా పోపుల డబ్బా అందుకునే అరను ఈరోజే పక్కకు మార్చండి. కొంగు ఎక్కువగా అంటుకునేది అలా చేయి చాపినప్పుడే. బట్టలు అంటుకుంటే పరిగెత్తకూడదు. నేల మీద పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. పక్కవాళ్ళు నూలు దుప్పటి మెడ నుంచి కిందికి చుట్టాలి.

కాలిన చోట వెంటనే కొళాయి నీళ్ళ ధార, ఇరవై నిమిషాలు. గడియారం చూసి ఇరవై. రెండు నిమిషాలకు మంట తగ్గిందని ఆపేస్తారు, లోపలి కండ ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. ఐస్ వద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న, కాఫీపొడి ఏదీ వద్దు. వేడిని లోపలే బంధిస్తాయి, ఆసుపత్రిలో వాటిని గీకి తీయడం ఇంకో నరకం. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మొలతాడు, కాళ్ళ పట్టీలు తీసేయండి. అతుక్కున్న బట్టను లాగకండి, బొబ్బలు చిదపకండి. శుభ్రమైన పల్చటి గుడ్డ వదులుగా కప్పి తీసుకెళ్ళండి. ముఖం, చేతులు, మర్మాంగాలు కాలినా, కాలినవాళ్ళు పసిపిల్లలైనా, ఎంత చిన్న గాయమైనా 108కి ఫోన్ చేయండి.

దీపం పెట్టని తెలుగిల్లు అరుదు, పెట్టవద్దని ఎవరూ చెప్పరు. ఎక్కడ పెట్టారన్నదే ప్రశ్న. కుందిని అంచున్న ఇత్తడి పళ్ళెంలో, అడుగున కాసిని నీళ్ళు పోసి పెట్టండి. వత్తి జారినా నీళ్ళలో పడుతుంది. పైన మూరెడు ఎత్తులో ప్లాస్టిక్ తోరణం, పక్కన తెర, వెనక థర్మాకోల్ మండపం ఉండకూడదు. వరలక్ష్మీ వ్రతానికీ వినాయక చవితికీ చేసే అలంకరణల్లో థర్మాకోల్‌కు నిప్పంటితే కారుతూ మండుతుంది. కార్తీకమాసంలో గుమ్మంలో ప్రమిదలు పెట్టేటప్పుడు దారి మధ్యలో కాకుండా ఒక పక్కగా, లంగా అంచు తగలనంత దూరంలో పెట్టండి. అఖండ దీపం పెడితే ఆ గదిలో ఒక మనిషి మెలకువగా ఉండాలి. దోమల చుట్టను మంచం కిందికి తోయకండి. జారిన దుప్పటి కొస దాన్ని తాకితే మంట కనబడదు, పరుపు లోలోపల గంటల తరబడి రాజుకుంటుంది, నిద్రలోనే పొగ పీల్చేస్తారు. తాటాకు ఇళ్ళు, గడ్డివాములు ఉన్న ఊళ్ళలో ఎండాకాలం మధ్యాహ్నం వడగాలి లేచే వేళకు పొయ్యిలో నిప్పుల మీద నీళ్ళు చల్లాలి. బూడిద కుప్ప పైకి చల్లగా కనబడినా లోపల రాత్రిదాకా కణకణలాడుతుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని రాత్రంతా హాల్లో, అదీ ముఖద్వారం పక్కన చార్జింగ్ పెట్టకండి. లిథియం బ్యాటరీలో ఒక సెల్ అదుపు తప్పితే దాని వేడి పక్క సెల్‌ని లేపుతుంది, ఆ గొలుసును మంటలార్పే పౌడర్‌తో ఆపలేరు. బుస్సుమనే శబ్దం, తెల్లటి పొగ వస్తే అది మంటకు సెకన్ల ముందు హెచ్చరిక, మనుషులు బయటికి పోవడమే పని. నడిపి రాగానే కాకుండా చల్లారాక చార్జ్ చేయండి. కంపెనీ ఇచ్చిన చార్జరే వాడండి, మెలకువగా ఉన్నప్పుడే, గాలి ఆడే చోట. కింద పడ్డదీ, ఉబ్బినదీ, నీళ్ళలో మునిగినదీ ఇంట్లోకి తేకండి.

ఇప్పుడు మెట్లు, తాళాలు. నాకు అన్నిటికన్నా బెంగ ఇక్కడే.

2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది పోయారు. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు నిల్వ చేసిన అపార్ట్‌మెంట్‌లో కనీసం 9 మంది. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది, అందులో 8 మంది పిల్లలు. మూడు చోట్లా మంట పుట్టింది కింద, మనుషులున్నది పైన. మెట్ల దారి పొగగొట్టంలా పనిచేస్తుంది. వేడి పొగ దాన్నే పట్టుకుని పైకి పోతుంది, కిందికి దిగాల్సినవాళ్ళకు అదే దారి. చాలావరకు ప్రాణం తీసేది మంట కాదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్. అది నిద్రలో ఉన్నవాళ్ళను లేపదు, ఇంకా గాఢంగా పడుకోబెడుతుంది.

మన అపార్ట్‌మెంట్లలో మీటర్ల బోర్డు ఉండేది మెట్ల కిందే, బైకులు నిలిపేది ఆ బోర్డుకు ఆనించే. పాత పరుపులు, పెయింటు డబ్బాలు, విరిగిన కుర్చీలు చేరేదీ అక్కడే. రవ్వ, పెట్రోలు, మంట పట్టే సామాను, పొగగొట్టం అన్నీ ఒక్క చోట పేర్చినట్టే కదా. అసోసియేషన్ మీటింగులో అడగవలసింది ఒక్కటే: మీటర్ల బోర్డు ముందు ఆరడుగులు ఖాళీ. ఒక ఆదివారం పొద్దున్న పని.

పొగ అలారం పైకప్పుకు పెట్టాలి, పడక గదుల బయట నడవలో. గ్యాస్ డిటెక్టర్ నేల నుంచి జానెడు ఎత్తులో పెట్టాలి. పొగ పైకి, గ్యాస్ కిందికి. తారుమారు చేస్తే రెండూ దండగ. అలారాన్ని వంటింటికీ దేవుడి గదికీ పది అడుగుల దూరంలో ఉంచండి. సాంబ్రాణి పొగకు అరుస్తోందని బ్యాటరీ పీకేసినవే ఎక్కువ. నెలకోసారి బటన్ నొక్కండి, పదేళ్ళకు మార్చండి.

మంటలార్పే సిలిండర్ ఏబీసీ పౌడర్‌ది, 2 కిలోలది, ఐఎస్‌ఐ గుర్తుతో కొనండి. వంటింటి లోపల కాదు, వంటింటి నుంచి బయటికి పోయే గుమ్మం పక్కన తగిలించండి. స్టవ్ పక్కన పెడితే మంట దాటి అందుకోవాలి. పిన్ను లాగి, ఆరేడు అడుగుల దూరం నుంచి మంట మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపండి. మొత్తం పది సెకన్లకు అటూ ఇటూగా అయిపోతుంది. అందుకే నడుం ఎత్తు దాటని మంట, వీపు వెనక తలుపు — ఈ రెండూ ఉంటేనే ప్రయత్నించాలి. లేకపోతే అందరినీ తీసుకుని బయటపడి, వెనక తలుపు మూసి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి.

దొంగల భయంతో కిటికీలన్నిటికీ ఊచలు, బాల్కనీకి గ్రిల్, ముందు కొలాప్సిబుల్ గేటు, దానికి తాళం. ఆ తాళంచెవి దిండు కింద. పొగలో, చీకట్లో, దగ్గుతూ దిండు కింద వెతకడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. తాళంచెవికి ఒకే స్థలం ఉండాలి: గేటు లోపలివైపు, బయటి చేయి అందనంత దూరంలో, పిల్లలకు అందేంత ఎత్తులో ఒక మేకు. దాని చుట్టూ చీకట్లో మెరిసే రేడియం స్టిక్కర్. బాల్కనీ గ్రిల్‌లో ఒక పలక, పెద్ద మనిషి భుజాలు దూరేంత వెడల్పున, మడత బందులతో లోపలికి తెరుచుకునేలా వెల్డింగ్ షాపులో చేయించుకోండి. వెడల్పు ఒక్కటీ సరిగ్గా చెబితే మిగతాది వాళ్ళే చేస్తారు. ఏడాదికోసారి నూనె వేసి తెరిచి చూడండి, తుప్పు పట్టి బిగిస్తే అది మళ్ళీ ఊచే.

పొగ మేలుకొలిపితే తలుపు ఒక్కసారిగా తీయకండి. ముందు మునివేళ్ళ వెనక భాగంతో తాకండి. చల్లగా ఉంటే నేల మీద పాకుతూ బయటికి వెళ్ళండి, మంచి గాలి మోకాలి ఎత్తులోనే ఉంటుంది. వేడిగా ఉన్నా, మెట్ల మీద పొగ నిండినా వెళ్ళకండి. తలుపు మూసి, కింది సందులో తడి తువ్వాలు కుక్కి, బాల్కనీలోకి వెళ్ళి అంతస్తూ ఫ్లాటు నంబరూ చెబుతూ ఫోన్ చేయండి, తెల్ల గుడ్డ ఊపండి. మూసిన మామూలు చెక్క తలుపు కూడా విలువైన నిమిషాలు ఆపుతుంది. లిఫ్టు ఎక్కకండి. బీరువాలో బంగారానికి వెనక్కి వెళ్ళకండి.

పిల్లలు భయపడితే పారిపోరు, మంచం కింద, బీరువా వెనక దాక్కుంటారు. పిలిచినా పలకరు. వాళ్ళకు ముందే చెప్పాలి, చెప్పడం కాదు, చేయించాలి. ఒక రాత్రి భోజనాలయ్యాక లైట్లన్నీ ఆర్పండి. ఎవరి మంచం మీద వాళ్ళు పడుకోండి. ఎవరో ఒకరు "పొగ!" అని అరవాలి. తాతయ్య చేయి ఎవరు పట్టుకోవాలో, చంటిబిడ్డను ఎవరెత్తుకోవాలో ముందే అనుకోండి. పాకుతూ గేటు దాకా వచ్చి, మేకు మీది తాళంచెవి తడిమి తీసి, తాళం తెరిచి, వీధి అవతల వేపచెట్టు కిందో కిరాణా కొట్టు ముందో అనుకున్న చోట అందరూ నిలబడి తలలు లెక్కపెట్టుకోండి. ఎంతసేపు పట్టిందో చూడండి. రెండు నిమిషాలు దాటితే ఎక్కడ ఆగిపోయారో అక్కడ చూడండి. అడ్డంగా ఉన్న టీపాయో, బిగుసుకుపోయిన గడియో, చేతికి దొరకని తాళంచెవో కనబడుతుంది. దాన్ని సరిచేసి, మర్నాడు రాత్రి మళ్ళీ ఒకసారి.